పట్టికలో లేని రంగు

ఒక ఒర దగ్గర చినాత్సు పని ఆగిపోయింది.

అది పాత సైనికుడి కత్తి ఒర. ఇనుప రేకుతో చేసినది. కత్తి లేదు, ఒర మాత్రమే ఉంది. పొద్దున్నుంచి దాన్ని కిటికీ పక్కన పెట్టుకుని, గోడకి వరసగా వేలాడదీసిన రేకు ముక్కల్లో ఒక్కొక్కటే తెచ్చి ఆనించి చూస్తోంది. ఏదీ కలవడం లేదు.

ఆ రేకు ముక్కలు ఆమె తయారుచేసినవే. యుద్ధకాలంలో జపాను సైన్యం కత్తుల ఒరలకి ఎన్ని రంగులు వేసిందో అన్నీ వాటిమీద ఉన్నాయి. మొదట్లో వేసిన ముదురు గోధుమ, తర్వాత వచ్చిన ఎండుగడ్డి రంగు, పాచి రంగు, ఇంకా తర్వాత సరుకు దొరక్క పలచబడిపోయిన ఆవపసుపు. మొత్తం నలభై రెండు. ఒక్కోదాని వెనక ఒక అంకె, ఒక సంవత్సరం.

చినాత్సుకి ఇరవై ఆరేళ్లు. పట్నంలో రసాయనశాస్త్రం చదివింది. చెక్క గిన్నెలకీ పెట్టెలకీ లక్క పూత పూసే ఇసోబె దగ్గర పని నేర్చుకోవడానికి మూడేళ్ల కిందట ఈ చిన్న ఊరొచ్చింది. ఇసోబెకి డెబ్బై నాలుగు. ఎక్కువ మాట్లాడడు. పనిచేస్తున్నంతసేపూ శ్రుతి తప్పిన కూనిరాగం ఒకటి తీస్తుంటాడు. ఆ రాగం ఏ పాటదో చినాత్సుకి ఇంతవరకూ తెలీలేదు.

యుద్ధం రోజుల్లో ఆ ఊళ్లో ఒరలకి రంగులు వేసే కార్ఖానా ఉండేది. యుద్ధం ముగిసి నలభై ఏళ్లవుతోందని, ఊరివాళ్ల ఇళ్లలో మిగిలిన ఒరలన్నీ పోగుచేసి సమావేశ మందిరంలో ప్రదర్శన పెట్టాలనుకున్నారు. ఏది అసలో ఏది కాదో చూసి, ఒక్కోదానికి చీటీ రాసిపెట్టమని ఇసోబెని అడిగారు.

"నాకు లక్క తెలుసు. ఈ రంగులు తెలీవు. మా అమ్మాయికి తెలుసు," అన్నాడాయన.

ఆ మాట చినాత్సుకి నాలుగు రోజులపాటు తీపి తిన్నట్టుగా ఉంది.

ముప్ఫై ఒక్క ఒరలు వచ్చాయి. ముప్ఫైకి చీటీలు రాసేసింది. దూరం నుంచి చూసే సంవత్సరం చెప్పగలిగేది. మిగిలింది ఇదొక్కటే. ఎండు టీ ఆకు రంగులా ఉంటుంది, కానీ వెలుతురులోకి తిప్పితే లోపల్నుంచి ఎరుపు తొంగిచూస్తుంది. ఒక పక్క వెలిసిపోయి బెల్లం రంగుకి తిరిగింది. ఇంకో పక్క ముదురుగానే ఉంది. అలాంటిది ఆమె పట్టికలో లేదు.

మధ్యాహ్నం ఆ ఒర తెచ్చిన మనిషి వచ్చాడు. పేరు గెన్‌పెయ్. కొండ మీది ఊళ్లో కూరగాయలు పండిస్తాడు. అరవై దాటిన మనిషి, మట్టి పట్టిన బూట్లు గుమ్మం బయటే విడిచి, లోపలికొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇది సైన్యం వేసిన రంగు కాదండి. తర్వాతెప్పుడో ఎవరో మళ్లీ వేశారు," అంది చినాత్సు.

గెన్‌పెయ్ ఒరకేసి చూశాడు. "అలాగా అమ్మా?"

"అప్పట్లో వాడిన రంగులన్నీ నా దగ్గరున్నాయి. ఇది వాటిలో లేదు. మీ ఇంట్లో ఎవరైనా వేశారేమో, ఒకసారి గుర్తు తెచ్చుకోండి."

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు. కళ్ల పక్కన ముడతలు పడ్డాయి.

"మా ఇంట్లోవాళ్లే వేశారు," అన్నాడు.

"అదే నేననుకున్నది." చినాత్సు చీటీ తీసుకుని రాసింది. తర్వాత ఇంట్లో వేసిన రంగు. ప్రదర్శనకు పనికిరాదు. దాన్ని దారంతో ఒరకి కట్టింది. "ఏమనుకోకండి. దీన్ని పెట్టడం కుదరదు."

"నువ్వింత శ్రద్ధగా చూసి చెప్పావు. ఏమనుకుంటాను?" గెన్‌పెయ్ లేచాడు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "మా ఆవిడ ప్రదర్శన రోజు వేసుకుందామని కొత్త బట్టలు కుట్టుకుంటోంది. చెప్పాలి."

ఒర తీసుకెళ్లడం మరచిపోయి వెళ్లిపోయాడు.

వెనక గదిలో కూనిరాగం ఆగింది. ఇసోబె వచ్చి చీటీ చదివాడు. ఒరని చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పాడు.

"ఈ రంగు కలపగలవా?" అని అడిగాడు.

"కలపగలను."

"కలుపు."

అంతే. మళ్లీ వెనక గదిలోకి వెళ్లిపోయాడు.

*

ఒక్క పూట పని అనుకుంది చినాత్సు.

మొదటి రోజు ఏడు రేకుల మీద వేసి చూసింది. రెండో రోజు తొమ్మిది. రంగుపొడులు మిల్లీగ్రాముల్లో తూచి, నూనె బొట్లు లెక్కపెట్టి, ఆరబెట్టి, పక్కన పెట్టి చూసింది. పొద్దున్న కలిసినట్టే ఉన్నది సాయంత్రానికి కలవదు. ముదురు పక్కకి సరిపోయింది వెలిసిన పక్కకి సరిపోదు. మూడో రోజు భూతద్దం పెట్టి అంగుళం అంగుళం వెతికితే, ఒర మూతి దగ్గర వెనకవైపు పూత కింద కుంచె వెంట్రుక ఒకటి ఇరుక్కుపోయి కనిపించింది. నాసిరకం పని అని నోటుపుస్తకంలో రాసుకుంది.

అయిదో రోజు అన్నం తింటూ కూడా రంగు గురించే ఆలోచించింది. చారులో చెంచా తిప్పుతూ, ఈ గోధుమలో ఇంకాస్త ఎరుపు పడితే, అనుకుంది.

ఇసోబె రోజుకోసారి వచ్చేవాడు. ఆరిన రేకులకేసి చూసేవాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, రాగం తీసుకుంటూ వెళ్లిపోయేవాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

తొమ్మిదో రోజు ఆమె కుంచె కింద పెట్టేసింది.

"కుదరడం లేదు గురువుగారూ."

"ఏమేం ఉన్నాయి అందులో?"

"గోధుమ ఉంది. ఆకుపచ్చ ఉంది. కొంచెం నలుపు ఉంది. ఇంకోటేదో ఎరుపు ఉంది. సైన్యం ఆ ఎరుపు ఎక్కడా వాడలేదు. అందుకే ఇది సైన్యానిది కాదంటున్నాను."

ఇసోబె తలూపాడు. బీరువాలోంచి ఉతికిన గుడ్డ ఒకటి తీసి, ఒరని చీటీతో సహా అందులో చుట్టి, రెండు చేతులతో ఆమెకి అందించాడు.

"కొండ మీది ఊరికి పదింటికి బస్సుంది," అన్నాడు.

*

బస్సు దిగేసరికి వాన వెలిసింది. తోటలన్నీ కడిగినట్టున్నాయి.

గెన్‌పెయ్ ఇల్లు బస్సాగిన చోట అడిగితే చూపించారు. ఇంటి ముందు చిక్కుడు పాదులు నాలుగు వరసల్లో వెదురు గుంజలకి పాకి ఉన్నాయి. రెండో వరస మధ్యలో ఒకచోట మాత్రం వెదురు లేదు. నల్ల గొడుగు ఒకటి మూసి నేలలో గుచ్చి, దానికి చిక్కుడు తీగ కట్టి ఉంది.

ఆ గొడుగు పక్కన ఒకామె వంగి కాయలు కోస్తోంది. అరవైకి దగ్గరగా ఉంటుంది. చినాత్సు చేతిసంచీలోంచి బయటికొచ్చిన గుడ్డమూట కొసని చూడగానే నిటారుగా నిలబడింది.

"వచ్చేసిందా మా గుంజ," అంది. "ఏవండీ, మీరు పారేసుకొచ్చిన గుంజ వచ్చింది."

ఇంటి వెనకనుంచి గెన్‌పెయ్ వచ్చాడు. చినాత్సుని చూసి వంగి నమస్కారం చేశాడు. ఆమె ఆయన భార్య ఫుమి.

"గుంజ ఏమిటండీ?" అంది చినాత్సు.

"దాదాపు నలభై ఏళ్లుగా ఈ చిక్కుడు పాదు దానిమీదే పాకుతోంది. ఈయన తీసుకుపోయాక పాదు వాలిపోతుంటే నా గొడుగు పాతాను. నిన్న వానలో తడుచుకుంటూ బజారుకి వెళ్లొచ్చాను."

చినాత్సుకి ఒక పక్క ఎందుకు వెలిసిపోయిందో అర్థమైంది. ఎండ తగిలే పక్క అది. తొమ్మిది రోజులు తూచి కొలిచినా తోచని సంగతి.

ఫుమి మూట విప్పింది. దారానికి వేలాడుతున్న చీటీ పట్టుకుని, దూరంగా పెట్టుకుని, పైకి చదివింది. "తర్వాత ఇంట్లో వేసిన రంగు. ప్రదర్శనకు పనికిరాదు."

ఇంకోసారి చదివింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, కాయల బుట్ట పక్కన మడిలోనే కూర్చుండిపోయింది.

"ఇంట్లో వేసిందన్నారా మీరు?" అని మొగుణ్ణి అడిగింది.

"ఇంట్లోవాళ్లు వేశారా అని అడిగింది. అవునన్నాను. అబద్ధమా?" అన్నాడాయన.

చినాత్సు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"రామ్మా, ఇలా కూర్చో," అని ఫుమి వసారా మీద చోటు చూపించింది. "ఆ రంగు నేనే వేశాను. ఈ ఇంట్లో కాదు. మీ ఊళ్లోనే, కార్ఖానాలో. నాకప్పుడు పదిహేడు."

గెన్‌పెయ్ టీ పెట్టడానికి లోపలికి వెళ్లాడు. ఫుమి కాయలు ఒలుస్తూ చెప్పింది.

అది యుద్ధం ఆఖరి ఏడు. కార్ఖానాలో పద్దెనిమిదిమంది ఆడపిల్లలు పనిచేసేవాళ్లు. రంగు సరిగ్గా వచ్చేది కాదు. ఒక వారం గోధుమ డబ్బాలు వస్తే, పై వారం పాచి రంగు వచ్చేది. ఒక్కోసారి రెండూ కాని నీళ్లలాంటిది వచ్చేది. ఏది వస్తే అదే వేసేవాళ్లు. ఒక రోజు పొద్దున్న డబ్బా అడుగంటింది. బల్ల మీద ఇంకా పదకొండు ఒరలున్నాయి. ఫోర్‌మన్ ఊళ్లో లేడు. సాయంత్రానికి పదకొండూ కాకపోతే అందరికీ ఆ పూట అన్నం సగమే.

"మూడు డబ్బాల అడుగులు గీకాను. చాల్లేదు. మా నాన్న బళ్లో బంట్రోతు. బడి గేటుకి వేయగా మిగిలిన ఎర్రరంగు మా ఇంట్లో ఉండేది. పరిగెత్తుకెళ్లి తెచ్చి అందులో పోసేశాను."

చినాత్సు ఒర అందుకుని వెలుతురులోకి తిప్పింది. "బడి గేటు ఎరుపు," అంది.

"అదే. కలిపాక చూస్తే నాకే భయమేసింది. ఏమిటీ రంగు అని. తనిఖీకొచ్చినాయన ఒక ఒర పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు చూశాడు. ఏమీ అనకుండా ముద్ర కొట్టేశాడు. ఆయనకీ ఆకలిగా ఉన్నట్టుంది."

పదకొండు ఒరలూ వెళ్లిపోయాయి. ఎక్కడికి వెళ్లాయో ఆమెకి తెలీదు.

ఫుమి చేతులు కాసేపు ఆగాయి. "మిగతా పదీ ఎక్కడున్నాయో. వాటిని నడుముకి కట్టుకున్నవాళ్లు ఎక్కడున్నారో. అప్పుడప్పుడు అనుకుంటాను."

గెన్‌పెయ్ టీ తెచ్చి ముగ్గురి ముందూ పెట్టాడు. ఇక ఆయన అందుకున్నాడు.

"పదకొండోది నాకొచ్చింది. మమ్మల్ని రేవులో కూర్చోబెట్టారు. సముద్రం దాటించడానికి ఓడ వస్తుందన్నారు. మూడు నెలలు చూశాను. ఓడ రాలేదు, యుద్ధం అయిపోయింది. కత్తి అప్పగించమన్నారు, అప్పగించాను. ఆ హడావిడిలో ఒర సంగతి ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చేసరికి చిక్కుడు పాదు నేలమీద పడి ఉంది. వెదురు కొనే స్తోమతు లేదు. దీన్ని పాతాను."

రెండేళ్లకి ఒక వేసవిలో ఫుమి ఈ దారినే వచ్చింది. ఊళ్లో తిండి దొరక్క, వాళ్లమ్మ పెళ్లినాటి కిమోనో మూటకట్టుకుని, దానికి బదులు చిలగడదుంపలు ఎవరిస్తారా అని ఇల్లిల్లూ తిరుగుతోంది. ఈ తోట ముందు ఆగిపోయింది.

"ఎంతసేపటికీ కదలదు," అన్నాడు గెన్‌పెయ్. "చిక్కుళ్ల దొంగ అనుకున్నాను. కర్ర పుచ్చుకుని వెళ్లాను."

"ఆ గుంజకి రంగు వేసింది నేనే అన్నాను," అంది ఫుమి.

"నమ్మలేదు. సైన్యంలో లక్ష ఒరలున్నాయి, నీదేనని ఏమిటి గుర్తు అన్నాను."

"మూతి దగ్గర వెనకవైపు చూడు, నా కుంచె వెంట్రుక ఒకటి ఊడి పూతలో పడింది, తీద్దామనుకునేలోగా ఆరిపోయింది అన్నాను."

"పాదు పీకి చూశాను. ఉంది."

చినాత్సు టీ గ్లాసు కింద పెట్టింది. నాసిరకం పని అని తను రాసుకున్న మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"అప్పుడేం చేశారు?" అని అడిగింది.

"ఏం చేస్తాను. బస్తాడు దుంపలు, బుట్టెడు చిక్కుళ్లు ఇచ్చాను. కిమోనో వద్దన్నాను. మళ్లీ వారం మళ్లీ వచ్చింది."

"ఈసారి మూట కూడా తేలేదు," అంది ఫుమి. "ఉత్త చేతులతో వచ్చాను. ఎందుకొచ్చావని ఈయన అడగలేదు."

కొండ కింద ఎక్కడో బస్సు హారన్ వినిపించింది. చినాత్సు కదల్లేదు.

"ఇదంతా ఆ రోజే నాకెందుకు చెప్పలేదండీ?" అంది.

గెన్‌పెయ్ ఖాళీ గ్లాసులు పోగుచేశాడు. "అన్ని రేకులు వేలాడదీసుకుని అంత ముచ్చటగా చెబుతున్నావు. మధ్యలో అడ్డం రావాలనిపించలేదమ్మా. పైగా నువ్వన్నదీ నిజమే. అది సైన్యం రంగు కాదు."

చినాత్సు లేచి ఇద్దరి ముందూ నేలకి తల ఆనించింది. ఫుమి ఆమెని భుజాలు పట్టి లేపి, చేతిలో చిక్కుడుకాయల పొట్లం పెట్టింది.

"ఆ రంగు తొమ్మిది రోజులు కలిపి చూశానండీ. రాలేదు. ఒకసారి మా పనిశాలకి వచ్చి కలిపి చూపిస్తారా?"

"చూపిస్తాను. అదెంత పని," అంది ఫుమి.

*

మర్నాడు ఇద్దరూ వచ్చారు. ఫుమి ఏప్రాన్ కట్టుకుని కింద కూర్చుంది. డబ్బాలన్నీ మూతలు తీయించి ముందు పెట్టించుకుంది. చినాత్సు తక్కెడ తెచ్చి పెట్టింది. ఫుమి దాన్ని పక్కకి జరిపి, ఆ ఖాళీలో టీ గ్లాసు పెట్టుకుంది.

గోధుమ ఒక గరిటె. పాచి రంగు కొంచెం. నలుపు కుంచె కొసన. తర్వాత ఎరుపు పోసింది, కళ్లు మూసుకుని ఒకసారి, తెరిచి ఒకసారి. ఆపకుండా కబుర్లు చెబుతూనే కలిపింది. పావుగంటలో అయిపోయింది. ఒక రేకు మీద మూడు గీతలు గీసి, ఒర పక్కన పెట్టింది.

కలవలేదు. ఎరుపు బాగా ఎక్కువైంది.

చినాత్సు ఫుమి ముఖంలోకి చూసింది. ఫుమి రేకు మీదకి వంగి, ఒర మీదకి వంగి, మళ్లీ రేకు మీదకి వంగింది.

"నా చేతులకి గుర్తుంటుందనుకున్నాను," అంది. "లేదు. అది ఆ రోజు రంగు." ఇంకాసేపు చూసి, "ఇదీ బాగుంది మాత్రం. నా గొడుగు పిడికి వేసుకోవచ్చు," అంది.

చినాత్సు గురువుకేసి తిరిగింది. "గురువుగారూ, మరి ఏది సరైనదని రాయమంటారు?"

ఇసోబె చేతులు కడుక్కున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. ఇన్నేళ్లుగా తను కూర్చునే పీట వదిలి, వచ్చి ఫుమి ఎదురుగా, చినాత్సు రోజూ కూర్చునే చాప మీద కూర్చున్నాడు. వంగి నమస్కారం చేశాడు.

"నాకూ నేర్పండమ్మా," అన్నాడు.

ఫుమి కొంచెం కంగారుపడి, తర్వాత కుంచె అందించింది. అదే గిన్నెలోని రంగు. ఇసోబె యాభై ఏళ్ల అలవాటుకొద్దీ, నిదానంగా, మందంగా, ఎక్కడా గీత కనపడకుండా పూశాడు.

"అంత మందంగా వేస్తే మా ఫోర్‌మన్ చేతిమీద కొట్టేవాడు," అంది ఫుమి.

"తప్పయింది," అన్నాడు ఇసోబె.

"పలచగా. తొందరగా. ఇంకా పది ఒరలున్నాయనుకోండి."

ఇసోబె తొందరపడ్డాడు. రంగు జారి అరచెయ్యంతా పాకింది. చినాత్సు ఆపుకోలేక నవ్వేసింది. పదిరోజుల తర్వాత అదే మొదటిసారి నవ్వడం. గెన్‌పెయ్ కూడా వచ్చి చాప మీద కూర్చుని, నాకూ ఒక రేకు ఇవ్వమన్నాడు. చివరికి చినాత్సు కూడా ఒకటి తీసుకుంది.

ఎండలో పెట్టిన నాలుగు రేకులూ మధ్యాహ్నానికి ఆరాయి. ఒకే గిన్నెలోంచి తీసిన రంగు. ఇసోబెది కాఫీలా ముదిరింది. ఫుమిది వెలుతురు తగిలితే ఎర్రగా మెరిసింది. గెన్‌పెయ్‌ది మచ్చలు మచ్చలుగా వచ్చింది. తనది మిగతా మూడింటికీ కాస్త అటూ ఇటూగా ఉంది.

చినాత్సు ఆ నాలుగింటినీ చేతిలో పెట్టుకుని, గోడ మీది వరసకేసి చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత ఆ వరసలోంచి మొదటి రేకు తీసి, వెనక్కి తిప్పింది. అంకె ఉంది, సంవత్సరం ఉంది.

"ఇది ఎవరు వేశారో," అంది. ఎవర్నీ అడగలేదు, తనలో తను అనుకున్నట్టుగా అంది.

వెనక గదిలో చేతులు తోముకుంటున్న ఇసోబె కూనిరాగం అందుకున్నాడు.

*

ప్రదర్శన నాడు ఊరు ఊరంతా వచ్చింది.

ముప్ఫై ఒక్క ఒరలు తెల్లగుడ్డ పరిచిన బల్లల మీద పడుకోబెట్టి ఉన్నాయి. మధ్య బల్ల మీద ఉన్నదానికి చినాత్సు ఇలా రాసింది. రంగు వేసినది ఫుమి, వయసు పదిహేడు. మూడు డబ్బాల అడుగులు, బడి గేటు ఎరుపు. ఆరిన తర్వాత నలభై వేసవుల ఎండ.

మిగతా ముప్ఫైకీ రాసిన చీటీలు ఆమె ఒక్కటీ పెట్టలేదు. వాటి చోట ఖాళీ చీటీలు, ఒక్కో బల్లకీ దారంతో కట్టిన పెన్సిలు ఉన్నాయి.

ఫుమి కొత్త బట్టలు కట్టుకొచ్చింది. నీలం మీద చిన్న తెల్ల పూలు. గెన్‌పెయ్ ఆమె వెనకే నడుస్తూ, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ వెంట్రుక ఎక్కడుందో చూపిస్తున్నాడు.

మొదటి గంట అందరూ చూసి వెళ్లారు. ఎవరూ ఏమీ రాయలేదు. చినాత్సు గుమ్మం దగ్గర నిలబడి వేళ్లు నలుపుకుంది.

అప్పుడు చేతికర్రతో ఒకామె వచ్చింది. బల్లలన్నీ దాటి వెళ్లి, ఆవపసుపు ఒర దగ్గర ఆగిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"ఇది మా రిత్సు వేసింది," అంది పెద్దగా, ఎవరితో అన్నట్టూ కాకుండా. "కింద నుంచి పైకి వేసేది. ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. చూడండి, కింద ఎంత మందంగా ఉందో."

అటు బల్ల దగ్గర్నుంచి ఫుమి తల తిప్పింది. "ఎవరు, మసా?"

చేతికర్ర ఉన్నామె కళ్లు చికిలించింది. "ఫుమి. నువ్వు బతికే ఉన్నావా?"

ఇద్దరూ ఒకళ్ల చేతులొకళ్లు పట్టుకుని నిలబడిపోయారు. మసా ఆ సాయంత్రమే ఇద్దరికి ఫోన్ చేసింది. వాళ్లిద్దరూ ఇంకో ముగ్గురికి చేశారు. మూడో రోజుకి మందిరంలో ఆడవాళ్ల గొంతులే వినిపిస్తున్నాయి. ఇది నాది, కాదు నీది ఇంకా పాచిగా ఉండేది, ఆ వారం మనకి టర్పెంటైన్ రాక కిరసనాయిలు పోశాం కదా, ఇది తడిగా ఉన్నప్పుడే నువ్వు మీద చెయ్యి పెట్టావు, ఇదిగో వేలిముద్ర. యాభై ఏడు, యాభై ఎనిమిదేళ్ల మనుషులు బల్లల చుట్టూ పదిహేడేళ్లవాళ్లలా తోసుకుంటున్నారు. చనిపోయినవాళ్ల పేరు వచ్చినప్పుడు కాస్త ఆగి, ఆ పేరూ రాయించారు.

చినాత్సు నోటుపుస్తకం పట్టుకుని వాళ్ల వెంట వెంట తిరిగింది. ఒక చేత్తో రాస్తోంది, ఇంకో చేత్తో రబ్బరు పెట్టి పాత అంకెలు చెరిపేస్తోంది. రబ్బరుపొడి ఆమె ఒళ్లంతా పడింది. ఎవరో ఆమె నోట్లో అన్నం ముద్ద పెట్టారు. అది నములుతూనే రాసింది.

సాయంత్రం పట్నం పత్రిక నుంచి ఒకతను వచ్చాడు. చుట్టూ చూసి, ఫోటోలు తీసుకుని, చినాత్సు దగ్గరికొచ్చాడు.

"రంగుల గురించి బాగా తెలిసినవారు మీరేనట. మొత్తం ఎన్ని రకాలో చెబుతారా? రాసుకుంటాను."

చినాత్సు నోరు తెరిచింది. అప్పుడే గుమ్మం దగ్గర ఇద్దరు పెద్దవాళ్లు చెప్పులు విడుస్తున్నారు. ఒకామె ఇంకో ఆమె భుజం పట్టుకుని, లోపలికి తొంగిచూస్తూ, "మనదేమైనా ఉంటుందంటావా?" అంటోంది.

"ఇంకా తెలీదండి," అంది చినాత్సు. "వస్తున్నారు."

పత్రిక అతను కలం ఎత్తి పట్టుకుని, ఎవరని అర్థంకాక ఇసోబెకేసి చూశాడు.

ఇసోబె అప్పటికే లేచి, ఇంకో రెండు గ్లాసుల్లో టీ పోస్తున్నాడు.